టెక్కలి వైపు చెరువుల మీద తేలే సోలార్ పెట్టొచ్చా?

ప్రశ్న: చెరువు మీద సోలార్ పలకలు తేలేలా పెడితే పొలాలు పోవు, కరెంటూ వస్తుందని మా ఊళ్లో ఒకటే చర్చ. మరి పక్కనే తేలినీలాపురంలో గూళ్లు కట్టే గూడబాతుల (పెలికాన్ల) సంగతేంటి?

జవాబు 1: విశాఖ దగ్గర సింహాద్రి థర్మల్ ప్లాంటులో కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎన్టీపీసీ 2021లోనే 25 మెగావాట్లది పెట్టింది. నీళ్లు ఆవిరవడమూ తగ్గుతుంది, పెట్టేయండి.

జవాబు 2: అది ప్లాంటు రిజర్వాయరన్నా, ఊరి చెరువు కాదు. గూడబాతు బరువైన పిట్ట, నీటి మీద కాళ్లతో తన్నుకుంటూ కాస్త దూరం పరిగెడితేగానీ గాల్లోకి లేవదు, పైగా చెరువంతా కప్పేస్తే ఎండ తగలక నాచు తగ్గుతుంది, దాంతో చేపపిల్లలకి తిండి తగ్గుతుంది, ఆ చేపలే కదా అవి గూళ్లలో పిల్లలకి పెట్టేది. లోతున్న చోట కొంత మేర కట్టి, తుంగ ఉన్న ఒడ్లు వదిలేయాలి.

ప్రశ్న అడిగినవారు: మరి వలలెక్కడ వేస్తారు? మత్స్యకారుల సొసైటీని ఎవరూ అడగలేదు.

జవాబు 3: ముందు వాళ్లనే పిలవండి. నేనైతే బడి, ఆఫీసు డాబాలు సోలార్ పలకలతో నిండాకే చెరువు జోలికి రమ్మంటాను.