అప్‌డేట్: ఖాట్మండు టైమ్ 3 నిమిషాలు వెనక ఎందుకు చూపించిందో తెలిసింది

నల్లగొండ నుంచి ఖాట్మండు, ఢాకా, దుబాయ్ వాళ్లతో కాల్ పెట్టడానికి చేసుకున్న ఎక్సెల్ షీట్‌లో ఖాట్మండు మనకంటే 3 నిమిషాలు వెనక వస్తోందని అడిగాను కదా, తప్పు దొరికింది.

నేపాల్ యూటీసీ (అన్ని దేశాల టైములూ లెక్కగట్టే ప్రామాణిక సమయం) కన్నా 5 గంటల 45 నిమిషాలు ముందు. దాన్ని సెల్‌లో 5.45 అని కొట్టాను. ఎక్సెల్ లెక్కలో అది 5 గంటల 27 నిమిషాలే. పాయింట్ తర్వాత వచ్చేది నిమిషాలు కాదు, గంటలో వంతు. 5.75 కొట్టగానే కుదిరింది. మనది 5.5, ఢాకా 6, దుబాయ్ 4.

ఇప్పుడు మన పొద్దున 9:30కి ఖాట్మండులో 9:45, ఢాకాలో 10:00, దుబాయ్‌లో 8:00. దుబాయ్ వాళ్లకు పొద్దున్నే అయితది కాబట్టి 11:00కి జరిపాను, వాళ్లకు 9:30.

ఇంకో చిక్కు అర్ధరాత్రి దాటిన టైములతో. మన రాత్రి 12:10 అంటే దుబాయ్‌లో ముందురోజు రాత్రి 10:40. సెల్‌లో టైమ్ ఒక్కటే ఉంటే తీసివేత మైనస్‌లోకి పోయి గడి నిండా ###### పడుతుంది. తేదీ, టైమ్ ఒకే సెల్‌లో ఉంచితే ఆ గోల లేదు.

ఆహ్వానంలో బీఎస్‌టీ అని మాత్రం రాయొద్దు. బంగ్లాదేశ్ టైముకూ అదే పొట్టి పేరు, బ్రిటన్ ఎండాకాలం టైముకూ అదే, కానీ రెంటికీ 5 గంటల తేడా. ఊరి పేరే రాయండి. ఢాకాలో శుక్ర, శనివారాలు సెలవు. దుబాయ్‌లో 2022 నుంచి శని, ఆదివారాలు, శుక్రవారం సగం పూటే. అందుకే సోమవారం ఖాయం చేశాను.