ఎర్రగుడి శాసనం చెప్పే యవన రాజుల ముఖాలు వెండి నాణేలపై ఉన్నాయా?

ప్రశ్న (కర్నూలు నుంచి):
గుత్తి, పత్తికొండల మధ్యనున్న ఎర్రగుడి గుండ్లను మొన్న ఆదివారం చూసి వచ్చాను. అశోకుని పదమూడవ శాసనం అంతియోకుడు, తురమాయుడు, అంతికిని మొదలైన యవన (అంటే గ్రీకు) రాజులను పేరుపేరునా చెబుతుందని తెలిసినప్పటి నుంచి, వారి రూపురేఖలు ఎలా ఉండేవోనన్న ఆలోచన నన్ను వదలడం లేదు. తురమాయుడంటే ఈజిప్టును ఏలిన రెండవ టాలెమీ అని చదివాను. ఆయన వెండి నాణేలపై కనిపించే, కళ్ళు లోతుకు పోయి గడ్డం ముందుకు వచ్చిన ముఖం ఆయనదేనా? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (అనంతపురం నుంచి):
కాదండీ, అది ఆయన తండ్రి మొదటి టాలెమీ ముఖం. అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడైన ఆయన క్రీ.పూ. 305 ప్రాంతంలో రాజునని ప్రకటించుకుని, తన సొంత ముఖాన్ని నాణెంపై వేయించిన తొలి యవన రాజుల్లో ఒకడయ్యాడు. బొమ్మను దగ్గరగా చూడండి: జుట్టు చుట్టూ సన్నని గుడ్డ పట్టీ కట్టి ఉంటుంది, దాని కొసలు మెడ వెనుక వేలాడుతుంటాయి. కిరీటానికి బదులు ఆ పట్టీయే వారికి రాజచిహ్నం. వెనుక వైపు పిడుగుపై నిలిచిన గద్ద, పక్కన ‘రాజైన టాలెమీది’ అనే అర్థమిచ్చే గ్రీకు అక్షరాలు ఉంటాయి. కొడుకు కూడా, ఆ తరువాతి వారిలో చాలామందీ వెండిపై ఆ పెద్దాయన ముఖాన్నే కొనసాగించారు. వంశం పేరుకు, నాణెం మీది నమ్మకానికి ఆ ముఖమే హామీ అని నేను అనుకుంటాను. మీ తురమాయుణ్ణి చూడాలంటే బంగారు నాణేలు వెతకాలి. వాటిలో ఒక రకంపై ఆయనా, ఆయనకు సోదరీ భార్యా అయిన అర్సినోయీ పక్కపక్కనే కనిపిస్తారు.

జవాబు (కడప నుంచి):
పై వివరణకు కొంత చేర్చుతాను. అలెగ్జాండర్ తన నాలుగు ద్రాక్మాల (ద్రాక్మా అంటే గ్రీకు నాణెపు ప్రమాణం) వెండి నాణెంపై వేయించింది గ్రీకు పురాణ వీరుడు హెరాక్లీసు తలను. నోరు తెరిచిన సింహపు తోలు నుదుటిని కప్పి ఉంటుంది, దాని పంజాలు గొంతు కింద ముడిపడి ఉంటాయి. అది అలెగ్జాండర్ పోలికేనని చాలామంది అంటారు గాని, ఆ రూపం ఆయన తండ్రి ఫిలిప్పు కాలం నాణేలపైనా ఉంది కనుక నేను ఒప్పుకోను. అలెగ్జాండర్ క్రీ.పూ. 323లో చనిపోయాకే ఆయన ముఖం స్పష్టంగా నాణెం ఎక్కింది: టాలెమీ ఏనుగు తోలు తొడిగించాడు, మరో సేనాని లైసిమాకసు పొట్టేలు కొమ్ము పెట్టించాడు.

తూకంలోనూ తేడా ఉంది. అలెగ్జాండర్ నాణెం సుమారు 17.2 గ్రాములు, అంటే తులంన్నరకు కాస్త తక్కువ; టాలెమీలు దాన్ని దాదాపు 14.2 గ్రాములకు తగ్గించి, బయటి నాణేలను తమ రాజ్యంలో చెల్లనివ్వలేదు.

ఇక అంతియోకుడు, అంటే సిరియాను ఏలిన రెండవ ఆంటియోకసు, సొంత ముఖంతో కొన్ని, తండ్రి ముఖంతో కొన్ని ముద్రించాడు. అంతికిని అని పిలిచిన మాసిడోనియా రాజు ఆంటిగొనసు గొనాటసు మాత్రం తన వెండి నాణేల మీద డాలు నడుమ కొమ్ముల పాన్ దేవుణ్ణి నిలిపాడు.