దశమభాగం ఎవరికి చెందాలి: ఊరి సంఘానికా, చెన్నై సంఘానికా?

ఒంగోలు ఆడపడుచు:

అందరికీ వందనాలు. మా ఇంట్లో చాలాకాలంగా తెగని విషయం ఒకటి మీ ముందు పెడుతున్నాను. ప్రార్థన చేయండి, దేవుడే దారి చూపుతాడు అని మాత్రం సరిపెట్టకండి. ప్రార్థన చేస్తూనే ఉన్నాం. మీ ఆలోచన కూడా కావాలి.

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. పెళ్లయినప్పటి నుంచి చెన్నైలో, తిరువాన్మియూరులో ఉంటున్నాం. ఇద్దరం ఉద్యోగస్తులం. సంపాదనలో పదో వంతు దేవునిది అన్న విషయంలో మా ఇద్దరికీ పేచీ లేదు. మా అమ్మ కూలి డబ్బులోంచి సైతం ముందు కానుక తీసి బైబిలులో పెట్టాకే ఉప్పూ పప్పూ తెచ్చేది. ఆ పదో వంతు ఎక్కడ ఇవ్వాలన్న దగ్గరే మాకు కుదరడం లేదు. ఎక్కడ వాక్యం వింటున్నామో, ఎక్కడ ప్రభువు బల్లలో పాలుపొందుతున్నామో అక్కడే ఇవ్వాలని మా ఆయన అంటారు. ఊరికి పంపాలనుకుంటే మిగిలిన దానిలోంచి పంపుకోవచ్చంటారు. మా పాస్టరు గారు కూడా పదో వంతును మందిరపు నిధిలోకి తేవాలన్న మలాకీ 3:10 చూపించి, ఆ నిధి అంటే మనం సభ్యులుగా ఉన్న సంఘమేనని బోధిస్తారు.

ఈ నగరంలో సంసారం చేసేవారికి చెప్పాలా, మిగిలేది ఎంతో! అద్దె, పిల్లల ఫీజులు, అప్పు వాయిదాలు పోయాక నెలాఖరుకు చెయ్యి ఖాళీ. అంటే మిగిలిన దానిలోంచి అన్నమాటకు ఊరికి ఏమీ వెళ్లదనే అర్థం. అక్కడ మా సంఘ కాపరి గారు, అంటే ఊరి పాస్టరు గారు, మిరప కోతల కాలంలో కూలికి వెళ్తున్నారు. వర్షం వస్తే మందిరంలో చాపలు ఒక మూలకు జరుపుకుని కూర్చుంటారు. నేను చదవడం నేర్చుకున్నది ఆ మందిరంలో, ఆ అయ్యగారి భార్య దగ్గర. దశమభాగంలో సగం ఊరికి, సగం ఇక్కడికి ఇవ్వాలని నా కోరిక. ఇది దేవుని సొమ్మును దారి మళ్లించడం అవుతుందా?

పెరంబూరు సభ్యుడు:

వందనాలమ్మా. నేను మీ ఆయన పక్షాన మాట్లాడతాను. మా తెలుగు సంఘంలో లెక్కలు చూసేవాణ్ని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

చెన్నైలో తెలుగు సంఘం అంటే గోపురం, గంట, కాంపౌండు గోడ ఉంటాయని ఊళ్లోవాళ్లు అనుకుంటారు. మాకు సొంత గోడ ఒక్కటి లేదు. ఒక తమిళ సంఘం వారి హాలు ఆదివారం మధ్యాహ్నం అద్దెకు తీసుకుంటాం. వాళ్ల ఆరాధన ముగిశాక కుర్చీలు సర్దుకుని మాది మొదలుపెడతాం, సాయంత్రానికి ఖాళీ చేస్తాం. పాస్టరు గారి ఇంటి అద్దె, దానికి ముందుగా కట్టిన అడ్వాన్సు, హాలు అద్దె, ఇవి పోయాక కానుకల్లో మిగిలేది చాలా తక్కువ.

ఆ కొంచెం ఎక్కడికి వెళ్తుందో మీరు తప్పక తెలుసుకోవాలి. నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు వైపు నుంచి అడయారు క్యాన్సర్ ఆసుపత్రికి, సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి ఎంతమంది తెలుగువాళ్లు వస్తారో మీకు తెలియనిది కాదు. రేడియేషన్ పెట్టించుకోవాలంటే వారాల తరబడి దాదాపు రోజూ వెళ్లాలి. భాష రాదు, బస చేయడానికి చోటు ఉండదు. మా సంఘంలోని స్త్రీలు వంతులవారీగా క్యారియర్లు కట్టుకెళ్తారు. యువకులు వెంట ఉండి డాక్టరు చెప్పింది తెలుగులో చెబుతారు. ఎవరైనా కన్నుమూస్తే భౌతికకాయాన్ని ఊరికి చేర్చే అంబులెన్సుకు సంఘమే ఇస్తుంది. ఆ ఊరు మీ ఊరే కావచ్చు కదా?

వలస వచ్చిన ప్రతి కుటుంబమూ సగం ఊరికి పంపడం మొదలుపెడితే మా హాలు తాళం హాలువారికి తిరిగి ఇచ్చేయాల్సిందే. వాక్యం నేర్చుకునేవాడు నేర్పేవాడికి మంచి పదార్థాలన్నిటిలో భాగమివ్వాలని గలతీ 6:6లో ఉంది. మీకు ఇప్పుడు నేర్పుతున్నది ఎవరు?

కాపరి కూతురు:

పెరంబూరు అన్నగారు చెప్పిన ఆసుపత్రి సేవ చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి. అందులో ఒక్క రూపాయి కూడా తగ్గకూడదు. అయినా నేను అక్క పక్షమే.

మా నాన్నగారు గుంటూరు జిల్లాలో ఒక పల్లె సంఘానికి కాపరి. ఆదివారం కానుకల సంచిలో ఏం పడేదో చెబుతాను. పది రూపాయల కాగితాలు, చిల్లర, స్త్రీలు ప్రతిరోజూ అన్నం వండే ముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యం. ఏడాదిలో మా ఇంటికి కాస్త ఊపిరి ఆడేది కోత పండుగకే. గుమ్మడికాయలు, కందులు, నాటుకోళ్లు, కొత్త వడ్లు తెచ్చి బలిపీఠం ముందు పెట్టేవారు. ఆరాధన తర్వాత వేలం పాట. ఒక కోడిని పాడుకున్నవాళ్లు మళ్లీ కానుకగా ఇచ్చేస్తే, అదే కోడిని ఇంకొకరు పాడుకునేవారు. అలా వచ్చిన డబ్బే మా పుస్తకాలు, మా జ్వరాలు, మందిరానికి సున్నం.

ఆ వేలంలో పాడే వయసున్నవాళ్లు ఇప్పుడు ఊళ్లో లేరు. హైదరాబాదు, బెంగళూరు, చెన్నై వెళ్లిపోయారు. వెళ్లడం తప్పని ఎవరూ అనరు, నేనూ వచ్చాను. కానీ ఊళ్లో మిగిలింది పింఛను మీద బతికే వృద్ధులు, వాళ్ల దగ్గర వదిలిన మనవలు. జీతం ఉన్న సభ్యులందరూ దశమభాగాన్ని నగరంలోనే ఇవ్వాలంటే, ఊరి కాపరిని పోషించే బాధ్యత మొత్తం ఆ పింఛన్ల మీద పడుతుంది. ఇది న్యాయమా?

ఇంకో సంగతి నగరంలో ఉన్నవారికి అంతగా తెలియదు. చిన్న స్వతంత్ర సంఘాలలో కొన్నిటికి పెద్ద సంస్థల ద్వారా విదేశీ విరాళంలో కొద్దిగా అందేది. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. అలా వచ్చిన సొమ్మును ఒక సంస్థ మరో సంస్థకు బదిలీ చేయడం అప్పటితో ఆగిపోయింది. నిర్వహణ ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. చట్టం మంచిచెడ్డలు ఇక్కడ చర్చించను. ఆ దారి మూసుకుపోయాక పల్లె కాపరికి మిగిలింది పల్లె బిడ్డలే, ఆ బిడ్డలు ఇక్కడ ఉన్నారు.

క్రిస్మస్‌కు వచ్చినవాళ్లు ఎంతో ప్రేమతో మైకు సెట్లు, రంగు దీపాలు, గోడ గడియారాలు ఇస్తారు. అవన్నీ సంతోషమే. కానీ జూన్‌లో బడి తెరిచినప్పుడు, శ్రావణంలో పని దొరకనప్పుడు కాపరి ఇంట్లో ఏముందని అడిగేవారు లేరు. నెలనెలా వస్తుందని నమ్మకం ఉన్న చిన్న మొత్తమే మా అమ్మకు పండుగనాటి పెద్ద కానుక కన్నా మేలు చేసేది. నెహెమ్యా 13:10 చూడండి. రావలసిన భాగాలు అందక, మందిర సేవ చేసే లేవీయులు మందిరం విడిచి ఎవరి పొలానికి వారు వెళ్లిపోయారు. అక్క ఊరి కాపరి గారు మిరప కోతకు వెళ్తున్నారని చదివినప్పుడు నాకు ఆ వచనమే గుర్తొచ్చింది.

వాక్య పరిశీలకుడు:

మలాకీ 3:10ను ఒక్క వచనంగా విడదీసి చదవడం వల్లే ఇంత చిక్కు వస్తోంది. దాన్ని నెహెమ్యా 10:37, 38తో కలిపి చదవండి. ప్రజలు తమ పంటలో పదో వంతును ఏ పట్టణానికి ఆ పట్టణంలో లేవీయులకు ఇచ్చేవారు. ఆ లేవీయులు తమకు వచ్చిన దానిలో పదో వంతును యెరూషలేములోని ఖజానా గదులకు తీసుకెళ్లేవారు. అంటే ఎక్కువ భాగం ఊళ్లలోనే ఉండిపోయేది. ద్వితీయోపదేశకాండము 14:28, 29 ప్రకారం మూడో ఏట పదో వంతు ఊరి గుమ్మాల లోపలే ఉంచి లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేని పిల్లలకు, విధవరాండ్రకు పెట్టాలి. మందిరపు నిధి అంటే ఒకే ఒక్క స్థానిక సంఘం అని చెప్పడానికి ఆ వచనం చాలదు.

నిజానికి కొత్త నిబంధన సంఘాలకు రాసిన పత్రికలలో పదో వంతు అన్న ఆజ్ఞే లేదు. ఎవరి హృదయంలో నిశ్చయించుకున్న ప్రకారం వారు ఇవ్వాలని 2 కొరింథీ 9:7 చెబుతోంది. కాబట్టి ఆ సహోదరి సగం ఊరికి పంపితే దొంగతనమని ఎవరూ భయపెట్టకూడదు.

పెరంబూరు సభ్యుడు:

అయ్యా, మీరు చూపిన లేఖనమే చూద్దాం. పంట ఏ పట్టణంలో పండితే ఆ పట్టణపు లేవీయునికి ఇచ్చేవారు. ఈ అమ్మాయి పంట పండుతున్నది చెన్నైలో. మరి పదో వంతు ఏ లేవీయునికి వెళ్లాలి? భయపెట్టడం నాకూ ఇష్టం లేదు. హృదయ నిశ్చయం అన్న మాటను అడ్డం పెట్టుకుని ఎక్కడా ఇవ్వనివారిని లెక్కల పుస్తకంలో చూస్తున్నాను, అందుకే ఆ మాట విన్నప్పుడల్లా బెంగగా ఉంటుంది.

పల్లె పెద్దకొడుకు:

మా అనుభవం వేరు. మేము కొందరం కలిసి మందిరానికని పంపిన డబ్బు మా ఊళ్లో రెండు వర్గాల తగాదాకు కారణమైంది. రసీదు లేదు, లెక్క లేదు. ఇప్పుడు అక్కడ రెండు మందిరాలు, రెండింటిలోనూ జనం లేరు. అప్పటి నుంచి సంఘానికి పంపడం మానేసి ఊళ్లో ఒక విధవరాలి మందులకు, ఒక పిల్లవాడి ఫీజుకు నేరుగా ఇస్తున్నాను. దయచేసి ఇంకో మాట కూడా ఆలోచించండి. కన్నవాళ్లకు ఇవ్వవలసినది దేవునికి అర్పితమైందని చెప్పి తప్పించుకోవడాన్ని ప్రభువు మార్కు 7లో ఎంత తీవ్రంగా ఖండించాడో! ఊళ్లో తల్లిదండ్రులు మందులు కొనుక్కోలేక ఉంటే ముందు అది చూడాలి. ఊరి సంఘం, నగర సంఘం అన్న ప్రశ్న ఆ తర్వాతే.

తాంబరం వాస్తవ్యుడు:

ఇవ్వడం అనేది వాక్యం విన్న చోటికే పరిమితం కావాలంటే మన తెలుగు సంఘాల చరిత్రలో కొన్ని పుటలు ఉండేవే కావు. తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో తమ సొంత మిషనరీ సంఘం పెట్టుకున్నారు. వాళ్లు కానుకలు పోగుచేసి పంపింది ఎక్కడికో తెలుసా? తమ భాష కాని చోటికి, అప్పటి నిజాం రాజ్యంలోని దోర్నకల్ పల్లెలకు. అక్కడికి సేవకు వెళ్లిన అజరయ్య గారు 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. ఆయనా తిరునెల్వేలి ప్రాంతంవారే. తమిళ పల్లెల కానుకలు తెలుగు పల్లెలకు వెళ్లగా లేనిది, తెలుగు బిడ్డ కానుక తన సొంత పల్లెకు వెళ్లకూడదా?

రోమా 15:26, 27లో పౌలు మాట కూడా ఉంది. మాసిదోనియ, అకయ సంఘాలవారు యెరూషలేములోని బీదలకు చందా పంపారు. వారి ఆత్మసంబంధమైన వాటిలో పాలు పొందారు గనుక శరీరసంబంధమైన వాటితో వారికి సహాయం చేయడానికి రుణస్థులని ఆయన రాశాడు. ఆ సహోదరికి చదువు, వాక్యం పెట్టింది ఊరి సంఘమే గదా. మరి ఆమె రుణస్థురాలు కాదా?

ఒంగోలు ఆడపడుచు:

అందరికీ కృతజ్ఞతలు. రుణం అన్న మాట దగ్గర ఆగిపోయాను. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో మా పూర్వికులూ ఉన్నారని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆ ముందు వచ్చిన కరువులో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని చూపించారు. ఆ కాలువే చెన్నైలో మా ఇంటికి దగ్గర్లో పారుతోంది. అప్పట్లో ఒంగోలు ముఖమైనా చూడని అమెరికా బాప్టిస్టులు కానుకలు పంపబట్టే మా ప్రాంతానికి మిషన్ బడులు, బోర్డింగులు వచ్చాయి. మా నాన్న చదివింది ఆ బోర్డింగులోనే.

పెరంబూరు అన్నయ్యగారూ, మీ ఆసుపత్రి సేవ గురించి మా ఆయనకు చదివి వినిపించాను. ఇక్కడి సంఘాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదని మీకు తెలియాలి. కింద ఆయన స్వయంగా రాస్తానన్నారు.

అదే ఖాతా నుంచి, ఆమె భర్తను:

నా వాదన నేను వదులుకోలేదు. నేను కూర్చుని తినే పంక్తికి నేనే వడ్డించాలి అన్నది నా నమ్మకం. కానీ కాపరి కూతురు గారు రాసింది చదివాక ఒక సంగతి ఒప్పుకోక తప్పడం లేదు. ఊరికి పంపేది మిగిలితే పంపేదిగా ఉన్నంతకాలం అది కాపరి కుటుంబానికి ఆసరా కాదు. అందుకని జనవరి నుంచి దశమభాగంలో మూడో వంతు ఊరికి, మిగిలింది ఇక్కడి సంఘానికి ఇవ్వాలని అనుకున్నాం. ఆమె సగం అడుగుతోంది. ఆ మాట మా మధ్య ఇంకా నడుస్తోంది. క్రిస్మస్‌కు ఊరికి తీసుకెళ్లే ప్రత్యేక కానుకను మాత్రం తగ్గించి, దాన్నీ నెలలకు సర్దుతాం.

చాటుగా చేయడం నాకు ఇష్టం లేదు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరు గారితో చెబుతాను. ఆయన నొచ్చుకుంటారేమోనని భయంగానే ఉంది. పల్లె పెద్దకొడుకు గారు చెప్పిన తగాదా సంగతి కూడా నన్ను వదలడం లేదు. పంపిన డబ్బు చీలికకు కారణం కాకుండా ఎలా పంపాలి? తెలిసినవారు చెప్పండి.

కాపరి కూతురు:

అన్నగారూ, కాపరి సొంత ఖాతాకు పంపకండి, ఆయనకే చిక్కు వస్తుంది. సంఘం పేరుతో ఖాతా ఉంటే దానికే పంపండి. లేకపోతే ఇద్దరు పెద్దల పేర్ల మీద, ఇద్దరూ సంతకం చేస్తేనే డబ్బు తీసే ఉమ్మడి ఖాతా తెరిపించండి. ఆ ఇద్దరూ ఒకే కుటుంబంవారు కాకుండా చూడండి, ఒకరు స్త్రీల సమాజం నుంచి ఉంటే మరీ మంచిది. కాపరి పోషణకు ఎంత, మందిరం కప్పుకు ఎంత అన్నది మీరే విడివిడిగా రాసి పంపండి. నెల మొదటి ఆదివారం ప్రకటనల సమయంలో ఆ లెక్క అందరి ముందు చదివి వినిపించమని అడగండి. మా నాన్నగారి సంఘంలో ఇలాగే చేశారు, ఎవరిచ్చారన్న పేరు మాత్రం చదివేవారు కాదు.