ఇంట్లో వాళ్ల నెట్ ఆగకుండా నెట్‌వర్క్ ల్యాబ్ పెట్టుకోవడం ఎలా?

కూకట్‌పల్లి కుర్రాడు:
సీసీఎన్ఏకి (సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష) చదువుతున్నా. ఇంట్లో 200 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది, రౌటర్ కంపెనీ వాళ్లు ఇచ్చిందే. కంప్యూటర్లోనే ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టే సాఫ్ట్‌వేర్ ప్యాకెట్ ట్రేసర్ బోర్ కొట్టేసి సెకండ్‌హ్యాండ్ సిస్కో 2960 స్విచ్, ఇంకో పాత రౌటర్ కొందామనుకుంటున్నా. అక్కది వర్క్ ఫ్రమ్ హోమ్, మీటింగ్ మధ్యలో నెట్ పోతే నా పని అయిపోయినట్టే. ఇంటి నెట్, నా ల్యాబ్ రెండూ దేనికదే నడవాలంటే ఏం చేయాలి?

లూప్‌బ్యాక్ రావు:
తమ్ముడూ, మామూలు 2960 అయితే 24 పోర్టులూ 100 ఎంబీపీఎస్‌వే, గిగాబిట్ కావాలంటే 2960జీ చూడాలి. కాబట్టి అక్క ల్యాప్‌టాప్ వైరు దాని గుండా పోనివ్వకు, నీ 200 కాస్తా సగమవుతుంది. పైగా 24 పోర్టులదానికి ఫ్యాన్ ఉంటుంది, పడకగదిలో పెడితే రాత్రంతా రొదే. ఎనిమిది పోర్టుల చిన్నదానికి ఫ్యాన్ లేదు, దొరికితే అదే తీసుకో. పాతవాటిలో ఎవరిదో పాస్‌వర్డ్ ఉండిపోతుంది, మోడ్ బటన్ నొక్కిపట్టి పవర్ ఇచ్చి పాత కాన్ఫిగ్ (సెట్టింగులు) తీసేయొచ్చు. ల్యాప్‌టాప్ నుంచి స్విచ్‌ని సెట్ చేసే కన్సోల్ కేబుల్ విడిగా కొనుక్కోవాల్సి రావచ్చు, అడిగి చూడు.

వైజాగ్ వైరింగ్:
కంపెనీ రౌటర్ ల్యాన్ పోర్టు (ఇంట్లో పరికరాలు తగిలించేది) నుంచి నీ ల్యాబ్ రౌటర్ వ్యాన్ పోర్టుకి (బయటి నెట్ వచ్చేది) ఒక్క వైరు, అంతే. ఇంట్లో ఐపీ అడ్రస్‌లు 192.168.1తో మొదలైతే ల్యాబ్‌లో 10.10తో మొదలయ్యేవి పెట్టుకో, రెండు వైపులా ఒకే రేంజ్ ఉంటే కుదరదు. వ్యాన్ బదులు ల్యాన్ పోర్టులో గుచ్చావో, నీ రౌటర్ డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రస్‌లు ఇచ్చేది) ఇల్లంతటికీ అడ్రస్‌లు పంచడం మొదలుపెడుతుంది, సగం ఫోన్లకి నెట్ వస్తుంది సగానికి రాదు, మా హాస్టల్లో ఒకడు ఇలా చేసి ఫ్లోర్ మొత్తాన్ని కూర్చోబెట్టాడు.

పింగ్ పంతులు:
రెండు న్యాట్‌లు (లోపలి అడ్రస్‌లని బయటికి ఒకే అడ్రస్‌గా చూపించేవి) పడ్డాయి కదా, ఇక ఇల్లు సేఫ్.

లూప్‌బ్యాక్ రావు:
కాదు పంతులు గారూ, ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంటి నుంచి ల్యాబ్‌లోకి రావడం కష్టం, నిజమే. కానీ ల్యాబ్ నుంచి ఇంట్లోకి దారి తెరిచే ఉంటుంది, ఎందుకంటే ల్యాబ్ రౌటర్‌కి ఇంటి నెట్‌వర్కే బయటి ప్రపంచం. ల్యాబ్ రౌటర్‌లో 192.168.1.0/24కి (అంటే ఇంటి అడ్రస్‌లన్నిటికీ) వెళ్లే ట్రాఫిక్ ఆపేసే రూల్ రాయాలి. ల్యాబ్ మెషీన్ల డీఎన్ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టేది) ఇంటి రౌటర్ అడ్రస్ 192.168.1.1 అయి ఉంటే ఆ రూల్‌తో అదీ ఆగిపోతుంది, దాని బదులు పబ్లిక్ డీఎన్ఎస్ 1.1.1.1 ఇచ్చుకో.

కూకట్‌పల్లి కుర్రాడు:
కాలేజీ నుంచి ల్యాబ్‌లోకి లాగిన్ అవ్వొచ్చా?

వైజాగ్ వైరింగ్:
ముందు కంపెనీ రౌటర్‌లో వ్యాన్ ఐపీ చూడు బ్రో. 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే అది సీజీన్యాట్, అంటే కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకి పంచుతోందన్నమాట, పోర్ట్ ఫార్వర్డ్ (బయటి నుంచి వచ్చేదాన్ని లోపలి మెషీన్‌కి పంపడం) ఎంత చేసినా పని చేయదు. టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ పెట్టుకో, లేదా స్టాటిక్ (మారని) పబ్లిక్ ఐపీ ఇస్తారేమో అడుగు. ఇంకోటి, కరెంటు పోతే ఓఎన్‌టీ (ఫైబర్ వైరు వచ్చి తగిలే డబ్బా), ఇంటి రౌటర్ మాత్రం చిన్న 12 వోల్టుల యూపీఎస్ మీద ఉండాలి, ల్యాబ్ ఆరిపోయినా ఎవరికీ నష్టం లేదు.

కూకట్‌పల్లి కుర్రాడు:
థాంక్స్ అన్నా. ఆదివారం సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ సామాన్ల మార్కెట్) ఎనిమిది పోర్టులది అడుగుతా. రూల్ రాశాక ల్యాబ్ నుంచి 192.168.1.1కి పింగ్ కొట్టి చెప్తా.

లూప్‌బ్యాక్ రావు:
పింగ్ ఒక్కటే నమ్మకు. ఐసీఎంపీ (పింగ్ వాడే ప్రోటోకాల్) మాత్రమే ఆపిన రూల్ అయినా పింగ్ ఫెయిలే అంటుంది. ల్యాబ్ మెషీన్‌లో బ్రౌజర్ తెరిచి ఇంటి రౌటర్ లాగిన్ పేజీ వస్తుందేమో చూడు.