పాఠాలు, ల్యాబ్ రెండూ నడిపినవాళ్లు కాస్త చెప్పండి

ఎదిగే మెదడు మీద పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) చేస్తున్నాను. పిల్లికూనకి ఒక కన్ను కొన్నాళ్లు మూసి ఉంచితే మెదడులో ఆ కంటి పట్టు తగ్గిపోతుందని హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు చూపించారు కదా (1981లో నోబెల్ వచ్చింది). మెదడు ఇలా తేలిగ్గా మారేది చిన్న వయసులో కొన్నాళ్లే, దాన్నే కీలక దశ అంటారు. అది ఎలా ముగుస్తుందన్నదే నా పని. చిట్టెలుకల్లో అది పుట్టిన నాలుగో వారం చుట్టూ ఉంటుంది. ఆ రోజులు దాటితే మళ్లీ కొత్త పిల్లల కోసం ఆగాల్సిందే.

ఇప్పుడు అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది. పాఠాలు చెప్పడం నాకు ప్రాణం, కానీ క్లాసుల టైమ్‌టేబుల్ ఎలుకల వయసు చూసి ఆగదు. అదే టెన్షన్. మొదటి ఏడాది క్లాసులు తగ్గించమని చేరకముందే అడగొచ్చా? రాతపూర్వకంగా తీసుకోవాలా? మీరు ఎలా నెట్టుకొచ్చారు?