మిర్చి టిక్కీల (బస్తాల) లోడింగ్‌కి కన్వేయర్ బెల్టు పనికొస్తుందా?

గుంటూరు లారీ:
మాకు నాలుగు లారీలు. కోల్డ్ స్టోరేజీల నుంచి మిర్చి టిక్కీలు చెన్నైకి తోలుతుంటాం. ఒక్కోటి 40 కిలోలకు పైనే. మొన్న హమాలీలు దొరక్క, సాయంత్రం 4కి కదలాల్సిన బండి రాత్రి 11కి కదిలింది. చక్రాల బెల్టు ఒకటి కొందామని మా తమ్ముడు ఒకటే పోరు. వాడినవాళ్లు చెప్పండి.

మేడ్చల్ గోడౌన్:
అన్నా, మా దగ్గర బియ్యం బస్తాలకు రెండేళ్లుగా వాడుతున్నాం. మోసే పని తగ్గింది గానీ మనుషులు పెద్దగా తగ్గలేదు. కింద ఇద్దరు బెల్టు మీదికి ఎత్తాలి, లారీలో ఇద్దరు పేర్చాలి. వాలు ఎక్కువ పెడితే బస్తా వెనక్కి జారుతుంది, గరుకు బెల్టే తీసుకోండి. కుట్టు దారం వేలాడితే రోలర్‌కి చుట్టుకుంటుంది. మాది మొదటి వారమే అలా ఆగిపోతే కత్తెరతో కోసి తీశాం. ఆ కత్తెర ఇప్పటికీ మోటారు పక్కనే వేలాడుతోంది.

లెక్కల బాబాయ్:
ఈ-వే బిల్లు (సరుకు తోలేటప్పుడు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం) సంగతీ చూసుకోండి. అందులో బండి నంబరు ఎక్కించిన దగ్గర్నుంచి గడువు నడుస్తుంది, మామూలు సరుకుకి 200 కి.మీ.కి ఒక రోజు. లోడింగ్ పూర్తయ్యాకే నంబరు ఎక్కించండి, టెన్షన్ ఉండదు.

గుంటూరు లారీ:
థాంక్సండీ. మా ముఠా మేస్త్రికి చెబితే, "టిక్కీకి కూలి తగ్గిస్తావా?" అన్నాడు, అదే మొదటి మాట. తగ్గించనన్నాను. ఈ సీజన్‌కి అద్దెకు తెచ్చి చూస్తాం. మోటారుకి మిర్చి దుమ్ము పట్టకుండా ఏం కప్పాలో ఎవరైనా చెప్పండి.