యునోమినేకు అమ్మానాన్నలను తీసుకువెళ్లవచ్చా? స్నానం, భోజనం, బస్సుల గురించి సందేహాలు

ప్రశ్న (నగోయాలో ఉంటున్న సభ్యురాలు):

సభ్యులందరికీ నమస్కారం. నవంబరు మూడో వారంలో మా అమ్మానాన్నలు రాజమహేంద్రవరం నుంచి వస్తున్నారు. క్యోటో రద్దీలో తిప్పడం కంటే కొండల మధ్య గుడి, వేడినీటి ఊట ఉన్న చిన్న పల్లెలో వారిని రెండు రాత్రులు ఉంచాలని నా కోరిక. వకాయామా ప్రిఫెక్చర్‌లోని యునోమినే బాగుంటుందని ఆఫీసులో ఒకరు చెప్పారు. అయితే అప్పటికి కార్తికమాసం కాబట్టి అమ్మ ఉల్లి, వెల్లుల్లి ముట్టదు. మాంసం, చేపల సంగతి సరేసరి. పదిమందిలో బట్టలు లేకుండా స్నానమంటే ఆమె గుమ్మం దగ్గరి నుంచే వెనుదిరుగుతుంది. నాన్నకు రక్తపోటు ఉంది, అమ్మకు మోకాళ్ల నొప్పి. ఇన్ని ఇబ్బందులతో అక్కడికి వెళ్లడం వివేకమేనా? వెళ్లివచ్చిన వారు దయచేసి చెప్పగలరు.

జవాబు (ఒసాకా సభ్యుడు):

తప్పకుండా వెళ్లవచ్చునండీ. మీ అమ్మగారు, నాన్నగారు ఎప్పుడైనా బదరీనాథ్ వెళ్లి ఉంటే యునోమినే అంటే ఏమిటో వారికి ఒక్క మాటలో చెప్పవచ్చు. అక్కడ తప్తకుండంలో స్నానం చేసి దర్శనానికి వెళ్లినట్లే, ఇక్కడ కుమనో అనే ఈ కొండప్రాంతపు ఆలయాలకు వచ్చే యాత్రికులు యునోమినే వేడినీటిలో మునిగి, శుచి అయ్యి, కొండ దాటి హొంగూ ఆలయానికి వెళ్లేవారు. ఆ శుద్ధిస్నానాన్ని ‘యుగొరి’ అంటారు. ఇప్పటికీ ఏటా ఏప్రిల్ 13న తండ్రులు తమ పసిబిడ్డలకు ఇక్కడ స్నానం చేయించి, నుదుట ‘పెద్ద’ అనే అర్థమున్న అక్షరం దిద్ది, పిల్లల కాలు నేలకు తగలకుండా భుజాల మీద మోస్తూ ఆ కొండదారిన హొంగూకు తీసుకువెళతారు.

స్నానం విషయంలో మీరు భయపడినంత ఇబ్బంది లేదు. ఊరి మధ్య పారే వాగును ఆనుకొని ‘త్సుబొయు’ అనే చిన్న చెక్క గది ఉంది. కుమనో యాత్రా మార్గాలు 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు ఈ స్నానఘట్టం కూడా అందులో భాగమయింది. లోపల ఇద్దరు ముగ్గురికి మించి పట్టరు. ముందుగా కేటాయింపు ఉండదు. సార్వజనిక స్నానశాల కౌంటరులో టికెట్టు కొని, వరుస సంఖ్య ఉన్న బిళ్ల తీసుకొని, మన వంతు కోసం వేచి ఉండాలి. వంతు వచ్చాక 30 నిమిషాలు గది మనదే, తలుపు మూసుకోవచ్చు. కాబట్టి మీరూ అమ్మగారూ ఒక వంతు, నాన్నగారు ఒక వంతు తీసుకుంటే పరాయివారి ముందు నిలబడవలసిన పనే ఉండదు. లోపల సబ్బు వాడకూడదు. నీరు చాలా వేడిగా ఉంటుంది కనుక పక్కనున్న చన్నీళ్ల కుళాయి విప్పి కలుపుకోవాలి. మొదటిసారి నేను ఆ వేడికి జంకి 10 నిమిషాలు గట్టు మీద కూర్చుండిపోయాను. ఒగురి అనే వీరుడు విషప్రయోగానికి లోనై శవప్రాయుడైతే, అతణ్ని బండి మీద ఇంతదూరం లాక్కువచ్చి ఈ నీటిలో ముంచితే 49 రోజులకు కోలుకున్నాడని పాతకథ. వరుసలో కూర్చున్నంతసేపూ నాన్నగారికి చెప్పడానికి పనికివస్తుంది.

నాన్నగారి విషయంలో ముందు వైద్యుణ్ని అడగండి. ఆయన సరేనన్నా, భోజనం చేసిన వెంటనే దింపవద్దు. ముందు పాదాల మీద, తరువాత భుజాల మీద నాలుగు చెంబుల నీళ్లు పోసి ఒంటిని అలవాటు చేసి, నడుము వరకే దించి, 5 నిమిషాలకు లేపండి. లేచేటప్పుడు నెమ్మదిగా లేవాలి, ఆ క్షణంలోనే కళ్లు తిరుగుతాయి.

భోజనమే అసలు చిక్కు, ఇక్కడ మాత్రం అశ్రద్ధ చేయవద్దు. ‘మేము శాకాహారులం’ అని చెబితే మాంసం, చేపముక్క తీసివేస్తారు; కానీ పులుసులో, ఉడికించిన కూరలో, చివరకు చిక్కుడుకాయల మీద చల్లిన రసంలో కూడా ‘దషి’ అనే కాచిన చారు ఉంటుంది, అది తరచుగా ఎండబెట్టిన కత్సుఓ చేపతో కాచినదే. ఒకసారి ఒక సత్రంలో మేము శాకాహారమని గట్టిగా చెప్పుకొని మరీ వెళితే, ఎంతో ఆదరంగా పెట్టిన వంకాయ కూర మీద ఆ చేప తురుమే రెపరెపలాడుతూ కనిపించింది. వారి తప్పు కాదు, మేము చెప్పిన తీరులోనే లోపముంది. అందువల్ల గది తీసుకునేటప్పుడే ‘నికు, సకన, కత్సుఓ దషి, తమనెగి, నిన్నికు’ (మాంసం, చేప, కత్సుఓ చేప దషి, ఉల్లి, వెల్లుల్లి) ఈ అయిదూ తినమని, ‘కొంబు’ అనే సముద్రపు నాచుతో గాని షీతాకె పుట్టగొడుగులతో గాని కాచిన దషి అయితే అభ్యంతరం లేదని జపనీస్‌లో రాసి పంపండి. కుదరదని వారు సూటిగా చెప్పేస్తే అదీ మేలే. భోజనం లేకుండా గది మాత్రమే తీసుకోండి. ఊళ్లో దుకాణాలు బహు తక్కువ కనుక, బియ్యం, కూరగాయలు మీరు రైలు దిగే షింగూ పట్టణంలోనే కొనుక్కొని, చిన్న రైస్ కుక్కర్ వెంట పెట్టుకోండి. వాగు ఒడ్డున ‘యుజుత్సు’ అనే రాతి తొట్టి ఉంది, అందులో ఊటనీరు దాదాపు 90 డిగ్రీల వేడితో ఉబికివస్తుంది. ఊరివాళ్లు గుడ్లు, చిలగడదుంపలు, ఆకుకూరలు వల సంచిలో వేసి అందులో దించి ఉడికించుకుంటారు. కార్తికమాసానికి ఉడికిన చిలగడదుంప కంటే ఏం కావాలి చెప్పండి!

అనుబంధ ప్రశ్న (నగోయా సభ్యురాలు):

ఎంతో ఓపికగా రాశారు, కృతజ్ఞతలు. నగోయా నుంచి ప్రయాణం ఎలా? హొంగూకు ఆ కొండదారిన అమ్మ నడవగలదా? మరో మాట, అమ్మ తెల్లవారకముందే కార్తికస్నానం చేయాలంటుంది, అది వీలవుతుందా?

జవాబు (ఒసాకా సభ్యుడు):

నగోయా నుంచి ‘నాంకి’ ఎక్స్‌ప్రెస్‌లో షింగూకు సుమారు మూడున్నర గంటలు, అక్కడి నుంచి బస్సులో గంటకు పైగా పడుతుంది. అమ్మానాన్నల దగ్గర దేశమంతటికీ చెల్లే జేఆర్ (జపాన్ రైల్వేల) పాసు ఉన్నా, ఈ రైలు కవరదా, త్సు మధ్య వేరొక కంపెనీ పట్టాల మీద నడుస్తుంది కాబట్టి ఆ ముక్కకు విడిగా డబ్బు కట్టవలసి ఉంటుంది. బస్సులు రోజుకు కొన్నే. అందుచేత ముందు బస్సు వేళలు చూసి, వాటికి తగినట్లు రైలు ఎంచుకోండి, తారుమారు చేస్తే షింగూ స్టేషనులో గంటలు గంటలు కూర్చోవాలి. బస్సెక్కగానే యంత్రం దగ్గర సంఖ్య ఉన్న చీటీ ముగ్గురూ తీసుకోవాలి. దిగేటప్పుడు ముందున్న పలక మీద ఆ సంఖ్య కింద కనిపించే ఛార్జీని చీటీతో సహా పెట్టెలో వేయాలి. నగదు చేతిలో ఉంచుకోండి. పెద్ద పెట్టెలను ముందే పార్సిల్ సేవలో తరువాతి హోటలుకు పంపించివేయడం మంచిది.

తెల్లవారుజాము స్నానానికి త్సుబొయు తెరచి ఉండదు, కనుక మీరు దిగే సత్రంలోని స్నానశాల ఏ గంటకు తెరుస్తారో అడగండి. ‘కషికిరి’ అంటే ఒక కుటుంబానికే ఇచ్చే స్నానగది. అది ఉన్న సత్రాన్నే ఎంచుకుంటే అమ్మగారి సంకోచమూ తీరుతుంది.

కొండదారి పేరు దైనిచి-గొఎ. పొడవు మూడున్నర కిలోమీటర్లకు లోపే కాబట్టి, ఓ మోస్తరుగా నడిచే వారెవరైనా వెళ్లగలరని నా అభిప్రాయం.

జవాబు (క్యోటో సభ్యురాలు):

పై అన్నయ్యగారి మాటలో ఒక్కదానితో నేను ఏకీభవించలేను. ఆ దారి పొడవు తక్కువే అయినా రెండువైపులా నిలువుగా ఎక్కి, నిలువుగా దిగాలి, ఆకులు రాలే కాలంలో తడి రాళ్లు జారుతాయి. మోకాళ్లు నొప్పిగా ఉన్నవారిని ఆ దారిన తీసుకువెళ్లకండమ్మా. హొంగూకు బస్సు ఉంది. ఆలయం దగ్గర ఎక్కవలసిన మెట్లున్నాయి, కాబట్టి వారి శక్తిని వాటి కోసం దాచండి. 1889 వరదకు ముందు ఆలయం నదీతీరాన ఒయునొహరా అనే చోట ఉండేది. కొట్టుకుపోగా మిగిలిన మండపాలను 1891లో ఇప్పుడున్న ఎత్తుకు మార్చారు. ఆ పాత స్థలంలో దాదాపు 34 మీటర్ల ఎత్తైన ద్వారతోరణం నిలిపారు, అక్కడికి చదునైన దారే కనుక అమ్మగారు హాయిగా నడవగలరు.

యునోమినేలోనే, స్నానశాల పక్కన తోకో-జి అనే చిన్న గుడి ఉంది, చాలామంది దాన్ని చూడకుండానే బస్సెక్కేస్తారు. అందులోని మూర్తి భైషజ్యగురు బుద్ధుడు. ఊటలోని ఖనిజాలు పేరుకొని తనంత తానే ఏర్పడిన రూపమని చెబుతారు. ఒకప్పుడు ఆ మూర్తి రొమ్ములోని రంధ్రం నుంచి వేడినీరు ఉబికేదని, అందుకే ‘యు-నొ-మునే’, అంటే వేడినీటి రొమ్ము, అన్న పేరు యునోమినే అయిందని స్థలపురాణం. స్వయంభువు అంటే మనవారికి వేరే వివరణ అక్కర్లేదు కదా.

నాన్నగారు ఓపికగా ఉంటే మరో రోజు నాచికి తీసుకువెళ్లండి. 133 మీటర్ల జలపాతం ఒక ఎత్తు, దాని పక్కనున్న సెయిగాంతో-జి అనే బౌద్ధాలయం మరొక ఎత్తు. భారతదేశం నుంచి సముద్రంలో కొట్టుకువచ్చిన రాగ్యో అనే సన్యాసి ఆ జలపాతం దగ్గర తపస్సు చేసి ఆ క్షేత్రాన్ని స్థాపించాడని అక్కడి ఐతిహ్యం. అయితే అక్కడా మెట్లు ఎక్కువే, అమ్మగారు జలపాతం దగ్గర ఆగిపోతే చాలు.

ముగింపు మాట (నగోయా సభ్యురాలు):

ఇద్దరికీ ధన్యవాదాలు. కషికిరి గది ఉన్న సత్రానికి పై అయిదు పేర్లూ రాసి పంపాను. కొంబు దషితోనే వండుతామని, ఉదయం ఊటనీటితో వండిన జావ పెడతామని ఈరోజే జవాబు వచ్చింది. హొంగూకు బస్సులోనే వెళుతున్నాం. చిలగడదుంపలకు వల సంచి ఊళ్లోనే దొరుకుతుందా, ఇక్కడి నుంచే పట్టుకెళ్లాలా?

జవాబు (ఒసాకా సభ్యుడు):

తొట్టి పక్కనున్న దుకాణంలో సంచితో సహా అమ్ముతారు. దారం మాత్రం గట్టిగా కట్టండి, మాది ఒకసారి ఊడి దుంపలన్నీ ఊటలోనే ఉండిపోయాయి.